కోదండరామయ్య మడమలు

ఢిల్లీ పక్కన వైశాలిలో మెట్రో స్టేషనుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఆ అపార్టుమెంట్లలో సుబేదార్ సాబ్ అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు కోదండరామయ్య. ఊరు ప్రకాశం జిల్లాలో గిద్దలూరు అవతల. సైన్యంలో నాయబ్ సుబేదారుగా రిటైరయ్యాడు. ఢిల్లీ కంటోన్మెంటులో చివరి పోస్టింగు ముగిశాక, ఈ ఎండకీ ఈ చలికీ ఒళ్ళు అలవాటు పడిపోయిందంటూ ఇక్కడే ఫ్లాటు కొనుక్కున్నాడు. గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగు కాలేజీకి సెక్యూరిటీ ఆఫీసరుగా కుదిరాడు. ఆ ఉద్యోగం ఆయనకెందుకిచ్చారయ్యా అంటే మీసం చూసి, పొట్ట చూసి, ఎత్తు చూసి. మీసం నిజం. పొట్ట అంతకన్నా నిజం. ఎత్తు మాత్రం అబద్ధం.

ఆ అబద్ధం పుట్టింది పెళ్ళిచూపుల్లో. కంభంలో లీలావతి అనే పిల్ల ఉండేది. గుమ్మంలోంచి రావాలంటే తల వంచుకుని రావాల్సినంత పొడుగు. వాళ్ళింట్లో పెద్దలు జాతకాలూ అవీ పట్టించుకోరు గానీ, పిల్లనీ పిల్లోణ్ణీ పక్కపక్కన నిలబెట్టి, పిల్లోడు కాస్తన్నా ఎక్కువుంటేనే తాంబూలాలు అనేవాళ్ళు. అప్పటికి ఎందరో వచ్చి, నిలబడి, టిఫిను తిని, మాట్లాడకుండా బస్సెక్కి వెళ్ళిపోయారు. సెలవు మీద వచ్చిన కోదండరామయ్యకు ఈ సంగతి చెప్పినవాడు లేడు. లీలావతి కాఫీ గ్లాసులు పట్టుకుని తల వంచుకుని గుమ్మం దాటి వచ్చి, మళ్ళీ తలెత్తిన ఆ ఒక్క క్షణంలో ఆయన పని అయిపోయింది. పెళ్ళంటూ చేసుకుంటే ఈ మనిషినే అనుకున్నాడు. అప్పుడు పిల్ల నాయనమ్మ లేచి, "ఇద్దురూ ఇట్టా గోడకాడ నిలబడండి నాయనా" అంది.

బూట్లు బయట విప్పేసి వచ్చాడు. ఉత్తి కాళ్ళు. అయితే ఆ రోజుల్లో ప్యాంట్లు నేల ఊడుస్తుండేవి. కోదండరామయ్య ప్యాంటు లోపల, ఎవరికీ కనపడకుండా, మడమలు రెండూ మెల్లగా పైకి లేపాడు. కవాతులో గంటలకొద్దీ కదలకుండా నిలబడ్డ కాళ్ళు కదా, వణకలేదు. నాయనమ్మ ఇటు నుంచి చూసి, అటు నుంచి చూసి, "సరిపొయ్యిండాడు" అంది. ముహూర్తం మాటలు తేలేదాకా ఆయన అట్లాగే మునివేళ్ళ మీద నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మిలిటరీ మనిషి, క్రమశిక్షణ అని అందరూ మెచ్చుకున్నారు.

పెళ్ళయ్యాక ఇంక దించడానికి వీల్లేకుండా పోయింది. కంటోన్మెంటులో చెప్పులు కుట్టేవాడి చేత బూట్లలోపల అట్టలు వేయించాడు. ఇంట్లో తొడుక్కోవడానికి దిమ్మెల్లాంటి చెప్పులు చేయించాడు. ఇంట్లో చెప్పులేందని లీలావతి అడిగితే, తనకు మడమ శూల ఉందనీ, ఉత్తి కాలు నేల మీద పెడితే ప్రాణం పోతుందనీ చెప్పాడు. ఆమె పాపం నమ్మి, రోజూ పడుకోబోయే ముందు ఉప్పు మూట కాచి మడమలకు కాపడం పెట్టేది. లేని నొప్పికి కాపడం పెట్టించుకుంటూ, హాయిగా ఉందనకుండా మూలగడం ఆయనకు వచ్చేసింది.

ఆ పిల్లకు మాత్రం నిజంగానే నొప్పి పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలోనే నడుం. నిటారుగా నిలబడలేకపోయేది, మోకాళ్ళు కాస్త మడిచి, భుజాలు ముందుకు వాల్చి నడిచేది. మిలిటరీ ఆస్పత్రుల్లో ఊరూరా ఎక్స్‌రేలు తీయించాడు. జబల్పూరులో ఒకాయన, అంబాలాలో ఒకాయన, చివరికి ఢిల్లీలో ఒక పెద్ద డాక్టరూ ఎముకలు నిక్షేపంలా ఉన్నాయనే చెప్పారు. డాక్టర్లకేం తెలుసు అనుకున్నాడు కోదండరామయ్య. నువ్వుల నూనె వేడి చేసి, తనే కూర్చుని ఆమె నడుముకు రాసేవాడు. ఆమె మూలిగేది. ఆ ఇంట్లో రాత్రి పడకకు ముందు ఒకరి మూలుగు తర్వాత ఒకరి మూలుగు వినపడేది, తర్వాత దీపం ఆరేది.

లీలావతి చేతి వంట గురించి చెప్పకపోతే పొట్ట సంగతి అర్థం కాదు. బొరుగుల ఉగ్గాణి, బజ్జీ, నెయ్యి కారే పప్పన్నం, ఆదివారం నాటుకోడి. కోదండరామయ్య పొట్ట ఏటా ఒక బెల్టు రంధ్రం జరిగేది. సైన్యంలో మరి ఎత్తుకు తగ్గ బరువుండాలి. పొడుగువాడు కొంచెం ఎక్కువ తూగినా ఏమీ అనరు, పొట్టివాడు తూగితే మెడికల్ కేటగిరీ పడిపోతుంది, ప్రమోషను ఆగిపోతుంది. కోదండరామయ్యకు దారి ముందే తెలుసు. వాళ్ళ యూనిట్లో కొలతలు తీసే వెంకటసుబ్బయ్య బాగా పొట్టి మనిషి. తల మీది కడ్డీ చూడాలంటే స్టూలెక్కాలి. స్టూలెక్కినవాడికి కింద మడమలు కనపడవు. అట్లా లెక్కల్లో అయిదడుగుల ఏడంగుళాల మనిషి అయిదడుగుల పదంగుళాలవాడై, పొట్టతో సహా అన్ని పరీక్షలూ గట్టెక్కాడు. భార్య దక్కడానికి పెరిగిన ఎత్తు, ఆమె పెట్టిన తిండిని దాచడానికి కూడా పనికొచ్చిందని లోలోపల తెగ మురిసిపోయాడు. అంతమందిని మోసం చేసినందుకు సిగ్గు కూడా పడలేదు, ఏం మనిషో.

ఇదంతా వెనకటి కథ. అసలు గొడవ మొన్న నవంబరులో మొదలైంది.

కింది అంతస్తులో ఫణికుమార్ అనే హైదరాబాదు సాఫ్ట్‌వేరు అబ్బాయి ఉంటాడు. అక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శి. ఆ నెల మగవాళ్ళ ఆరోగ్యం మీద ఒక సభ పెట్టి, ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి చెప్పడానికి చాందిని అనే యూరాలజీ డాక్టరమ్మను పిలిచాడు. ఆడ డాక్టరు ఆ విషయం మాట్లాడుతుంటే మగవాళ్ళంతా ఫోన్లలో తలలు దూర్చారు. ఆవిడ అవేమీ పట్టించుకోకుండా హిందీలో చక్కగా చెప్పుకుపోయింది. మూత్రాశయం కింద అక్రోటుకాయంత గ్రంథి ఉంటుందనీ, వయసు పెరిగేకొద్దీ దానికి ఈ జబ్బు రావచ్చనీ, తండ్రికో అన్నదమ్ములకో వచ్చి ఉంటే మరీ జాగ్రత్తగా ఉండాలనీ అంది. పొట్ట ఉన్నవాళ్ళలో మొండి రకం క్యాన్సర్ వచ్చే ప్రమాదం, అది ముదిరి ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం ఎక్కువ కనిపిస్తున్నాయంది. పొగ మానమంది, రోజూ నడవమంది. చివర్లో ఫణికుమార్ ఏదో అడిగితే, "ఎత్తు మనుషులకు కొంచెం ఎక్కువని కూడా పరిశోధనల్లో తేలింది. ఎందుకో పూర్తిగా తెలియదు. అది మన చేతిలో లేదు కాబట్టి దాని గురించి బెంగ పెట్టుకోవద్దు" అని నవ్వేసింది.

కోదండరామయ్య ఆ చివరి మాట ఒక్కటే జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.

"ఏమందయ్యా డాక్టరమ్మ?" అని అడిగింది లీలావతి.

"ఏముంది, పొడుగు మనుషులకు కష్టమంట. మనం చేసేదేం లేదు" అంటూ మంచం మీద బరువుగా కూర్చున్నాడు. మంచం కిర్రుమంది.

పొట్ట గురించి విన్నానని ఒప్పుకుంటే ఉగ్గాణి మీద వేటు పడుతుంది. అన్నదమ్ముల మాట విన్నానని ఒప్పుకుంటే సదాశివరావు గుర్తుకొస్తాడు. సదాశివరావు ఆయన సొంత అన్న. గిద్దలూరులో ఎరువుల కొట్టు. మూత్రం సరిగా రావట్లేదంటే వయసులే అన్నాడు, నడుం నొప్పంటే కొట్లో కూర్చునీ కూర్చునీ వచ్చిందన్నాడు. తీరా చూపించేసరికి ఎముకలదాకా పాకింది. కోదండరామయ్య అన్నకు కర్మలు చేయించి వచ్చి, ఎవరడిగినా నడుం నొప్పితో పోయాడని చెప్పాడు. ఆ చోటి జబ్బు పేరు పైకి చెప్పడానికి నోరు రాలేదు. ఎత్తయితే అట్లా కాదు. ఎత్తు వల్ల ప్రమాదమంటే అందులో తప్పేం లేదు, పైగా కాస్త పరువు కూడా ఉంది.

మర్నాటి నుంచి పార్కులో, "నాకేం, పొడుగు మనిషిని, ఎప్పుడైనా రావచ్చు" అని చెప్పుకు తిరగసాగాడు. మీరట్ నుంచి వచ్చి స్థిరపడ్డ రాజీవ్ అనే బ్యాంకు మేనేజరు, ఆరడుగుల పైచిలుకు మనిషి, అది విని హడలిపోయాడు. ఆయన ఇంకో ఇద్దరు పొడగరులను వెంటబెట్టుకొచ్చాడు. నాలుగు రోజుల్లో వేప చెట్టు కింది బెంచీల మీద ఒక సంఘం తయారైంది. దానికి లంబూ మండలి, అంటే పొడుగోళ్ళ సంఘం, అని పేరు. అధ్యక్షుడు సుబేదార్ సాబ్. అందరికన్నా పొట్టి ఆయనే, కానీ కూర్చుని ఉన్నప్పుడు ఎవరికీ తెలిసేది కాదు. ఆ మండలి ఎప్పుడూ కూర్చునే ఉండేది.

కూర్చోవడానికి ఒక కారణం కూడా కనిపెట్టారు. మనిషి పొద్దున్న లేచినప్పుడు కాస్త పొడుగ్గా ఉంటాడనీ, సాయంత్రానికి వెన్ను కుంగి తగ్గుతాడనీ రాజీవ్ ఎక్కడో చదివాడు. అది నిజమే. దాన్ని పట్టుకుని, అయితే పొద్దుటి పూటే మనకు గండం, వీలైనంత త్వరగా కుంగాలి అని తీర్మానించారు. కుంగాలంటే పైనుంచి బరువు పడాలి. బరువు పడాలంటే తినాలి. గేటు పక్క దుకాణం నుంచి వేడివేడి కచోరీలు, జిలేబీలు, చిక్కటి లస్సీ తెప్పించేవాళ్ళు. పార్కు చుట్టూ నడిచేవాళ్ళను చూసి జాలిపడేవాళ్ళు, పాపం వీళ్ళు వెన్ను సాగదీసుకుంటున్నారని. పిల్లలు ఆడుకునే చోట వేలాడే కడ్డీ ఉంటే, అది పట్టుకుని వేలాడితే పొడుగవుతారు గనక తీసేయాలని అపార్టుమెంటు సెక్రటరీకి అర్జీ కూడా పెట్టారు. చదువుకున్న మనుషులే అందరూ.

ఈ జిలేబీల నడుమ కోదండరామయ్యకు రెండుసార్లు లేవాల్సి వచ్చేది. లేచి, గబగబా వెళ్ళి, ఎంతోసేపటికి గానీ వచ్చేవాడు కాదు. వైశాలి నుంచి గ్రేటర్ నోయిడాదాకా దారిలో ఏ మెట్రో స్టేషనులో టాయిలెట్టు ఎటువైపుందో, ఏ పెట్రోలు బంకువాడు తాళం ఇస్తాడో ఆయనకు కళ్ళు మూసుకుని చెప్పడం వచ్చు. ఇంట్లో బాత్రూములోకి పోగానే బకెట్టులోకి ట్యాపు తిప్పేవాడు, బయటికి వినపడే శబ్దం ధారాళంగా ఉండాలని.

ఒకనాడు తలుపవతల నుంచి లీలావతి అంది. "ట్యాపు కట్టెయ్‌యయ్యా."

లోపల ట్యాపు ఇంకాస్త తిరిగింది.

"ట్యాపు శబ్దమేదో, నీ శబ్దమేదో నాకు తెలవదనుకోబాక. మీ అన్న ఇంట్లో గూడా ఇట్నే ట్యాపు కారేది. మీ వదిన చెప్పింది."

కోదండరామయ్య ట్యాపు కట్టేశాడు. చుక్క, ఇంకో చుక్క. బయటికొచ్చాక ఆమె మొహం చూడకుండా దిమ్మె చెప్పులు తొడుక్కుని పేపరు పట్టుకున్నాడు. ఆయనకు భయం వేసింది. అది పైకి చెప్పే మనిషైతే ఈ కథే ఉండేది కాదు.

ఆ వారమే ఫణికుమార్ కమ్యూనిటీ హాల్లో రక్త పరీక్షల శిబిరం పెట్టించాడు. పి.ఎస్.ఎ. అనే అంకె చూస్తారు, అది ఎక్కువుంటే అనుమానం. లంబూ మండలి మొత్తం వరసలో నిలబడి, అధ్యక్షుడు ముందు అంటూ కోదండరామయ్యను తోసింది. తప్పించుకునే దారి లేదు. చెయ్యి చాపాడు. రెండ్రోజులకు అంకె వచ్చింది. హద్దు లోపలే ఉంది. ఆయన ఆనందం చెప్పనలవి కాదు. పార్కంతా జిలేబీలు పంచాడు. ఫణికుమార్ వాట్సాప్ గ్రూపులో కంగ్రాచ్యులేషన్స్ సర్ అని పెట్టాడు, యాభై చప్పట్లు పడ్డాయి. కొడుకు ఐఏఎస్ పాసైనా అంతమంది చప్పట్లు కొట్టరు.

"అంకె బాగుంటే మరి ట్యాపెందుకు?" అంది లీలావతి.

శనివారం పొద్దున్నే ఆటో పిలిచి, ఆయన్ను ఎక్కించి, ఆ రిపోర్టుతో సహా చాందిని డాక్టరమ్మ క్లినిక్కుకు తీసుకుపోయింది. ఆటోలో కూడా ఆ మనిషి నడుం వంచుకునే కూర్చుంది. ఇంత నొప్పితో నా కోసం వస్తోందే అని కోదండరామయ్యకు గుండె కరిగింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, మామూలు ప్రశ్నలు అడిగింది.

"ఎత్తెంత, సుబేదార్ సాబ్?"

"అయిదడుగుల పది."

బరువు మిషను మీద నిలబెట్టారు. ఎనభై ఎనిమిది.

"ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుందా? నాన్నగారికి, అన్నదమ్ములకు?"

"లేదు మేడం. మా అన్న ఒకడు పోయాడు గానీ అది నడుం నొప్పి."

"మూత్రం ఎట్లా వస్తోంది?"

"ఫస్ట్ క్లాస్."

పక్కన కూర్చున్న లీలావతి ఆయన వంక చూసింది. ఆయన గోడ మీది క్యాలెండరు వంక చూశాడు.

డాక్టరమ్మ కాసేపు లెక్క వేసింది. "చూడండి, ఒళ్ళు బాగా ఎక్కువున్నవాళ్ళలో రక్తం కూడా ఎక్కువ ఉంటుంది. దాంతో ఈ అంకె పలచబడి, ఉన్నదానికన్నా తక్కువ కనిపించవచ్చు. అందుకే నేను బరువూ ఎత్తూ అడుగుతాను. మీరు బరువున్నారు, కానీ మీ ఎత్తుకు మరీ ఊబకాయం కాదు. ఇంట్లో ఎవరికీ లేదు, ఇబ్బందేమీ లేదంటున్నారు. పొట్ట తగ్గించండి. వచ్చే ఏడాది మళ్ళీ చూద్దాం" అంది.

వచ్చే ఏడాది. కోదండరామయ్య ఒక్క ఉదుటున లేచాడు. చెయ్యి చాపి, నమస్తే చెప్పి, తలుపు వైపు సగం నడిచేశాడు.

"మేడం" అంది లీలావతి. కంటోన్మెంట్లలో నేర్చిన హిందీ ఆమెది, అందులో ప్రకాశం జిల్లా వినపడుతూనే ఉంటుంది. "ఏక్ బార్ నాప్ లీజియే. ఆయన ఎత్తు కొలవండి."

"చెప్పాను గదే" అన్నాడు కోదండరామయ్య.

"చెప్పినావులే. కొలిపిచ్చుకుంటే పోయేదేముంది?"

క్లినిక్కులో అన్నమ్మ అనే కేరళ నర్సు ఉంది. ఆవిడ గోడకు బిగించిన కొలబద్ద దగ్గరికి రమ్మంది. బూట్లు విప్పమంది. కోదండరామయ్య విప్పాడు, బూట్లలో అట్టలు ఎవరికీ కనపడకుండా నోళ్ళు గోడ వైపు తిప్పిపెట్టాడు. ఇంతలో అన్నమ్మ ఒక స్టూలు లాక్కుని దాని మీదకెక్కింది. ఆవిడా పొట్టి మనిషే. ఆ స్టూలు చూడగానే కోదండరామయ్యకు వెంకటసుబ్బయ్య గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఇంక ఆయనేమీ చేయనక్కర్లేదు. ప్యాంటు అంచుల కింద మడమలు వాటంతటవే పైకి లేచాయి.

"ఫైవ్ టెన్" అంది అన్నమ్మ పైనుంచి.

కోదండరామయ్య గర్వంగా భార్య వంక తిరిగాడు. లీలావతి కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన పక్కనే, గోడకు వీపు ఆనించి నిలబడింది. కంభంలో నిలబడ్డట్టే. ముందు ఆమె మోకాళ్ళు తిన్నగా అయ్యాయి. తర్వాత నడుం. తర్వాత భుజాలు వెనక్కి పోయాయి. మెడ లేచింది. ఆమె పెరుగుతూనే ఉంది. మునివేళ్ళ మీద నిలబడ్డ కోదండరామయ్య కళ్ళకు ఎదురుగా, ఎప్పుడూ పాపిట కనపడే చోట, ఆమె కళ్ళు వచ్చి ఆగాయి.

ఆయన మొదట చేసిన పని కిందికి చూడటం. ఈ విద్యలో ఆరితేరినవాడు గనక, మడమలు లేపిందేమోనని అనుమానించాడు. చీర కుచ్చెళ్ళ కింద ఆమె పాదాలు రెండూ పలకల మీద పరచినట్టు ఉన్నాయి.

"నీ నడుం..." అన్నాడు.

"నా నడుంకేం కాలేదు." లీలావతి గొంతు తగ్గించి, ఆయనకు మాత్రమే వినపడేట్టు చెప్పింది. "కంభంలోనే చూసినా నీ మడమల్ని. నాయనమ్మ తలకాయ వంక చూస్తా ఉండె, నేను నేల చూపులు చూస్తా ఉంటి, పెళ్ళికూతుర్ని గదా. నా కోసం అంత కష్టపడి నిలబడినోడు మళ్ళా దొరుకుతాడా అని, నేను మోకాళ్ళు వంచినా. ఆయాల్టి నుంచి వంచుకునే ఉండా. ఇంక చాల్లేయ్యా. నువ్వు ఉంటే గదా నేను వంగేది. దించు."

కోదండరామయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్ని ఎక్స్‌రేలు. ఎన్ని సీసాల నువ్వుల నూనె. ఎముకలు నిక్షేపంలా ఉన్నాయన్న ప్రతి డాక్టరునూ ఆయన తిట్టిపోసుకున్నాడు. ఆయన పిక్కలు, పెళ్ళిచూపుల్లో వణకనివి, ఇప్పుడు వణికాయి. మడమలు మెల్లగా దిగి నేలకు ఆనాయి. పలక చల్లగా ఉంది.

కడ్డీ గాల్లో మిగిలిపోయింది. అన్నమ్మ స్టూలు మీద నుంచి కంగారుగా, "అయ్యో, సార్ తగ్గిపోయారు" అంది.

డాక్టరమ్మ కలం ఎత్తి అట్లాగే చూస్తోంది. కోదండరామయ్య ఆవిడ వైపు తిరిగి, సైన్యంలో పై అధికారి ముందు నిలబడ్డట్టు నిలబడి, హిందీలో చెప్పాడు. "మేడం, నా ఎత్తు అయిదడుగుల ఏడు. మూత్రం ఫస్ట్ క్లాస్ కాదు. మా అన్న సదాశివరావు పోయింది నడుం నొప్పితో కాదు, దీనితోనే."

డాక్టరమ్మ పాత కాగితం పక్కకు తోసేసింది. "కూర్చోండి. మొదటి నుంచి చెప్పండి" అంది.

ఆ రోజే చేత్తో పరీక్ష చేసింది. తర్వాత స్కాను, ఆ తర్వాత ముక్క తీసి పరీక్ష. రిపోర్టు వచ్చిన రోజు ఆవిడ దాచకుండా చెప్పింది. ఉంది. కాకపోతే గ్రంథి దాటి బయటికి పోలేదు, నయం చేయగలిగిన దశలోనే దొరికింది. ఆపరేషను తనే చేస్తానంది. ఈలోపు పొట్ట తగ్గించుకొస్తే తన చేతికి సులువు, ఆయన ఒంటికి మేలు అంది. వచ్చే ఏడాది వచ్చి ఉంటే ఏమయ్యేదని లీలావతి అడిగితే, డాక్టరమ్మ ఆపరేషనుకు తేదీ రాసిచ్చింది.

పార్కులో లంబూ మండలి అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడికి జబ్బు రావడం గురించి కాదు, అధ్యక్షుడు పొడుగు కాకపోవడం గురించి. పొట్టివాడికి కూడా వచ్చిందంటే మన సిద్ధాంతం ఏం కావాలని రాజీవ్ బాధపడ్డాడు. కోదండరామయ్య లేచి నిలబడ్డాడు, మామూలు చెప్పుల్లో. "భయ్యా, నాకొచ్చింది ఎత్తు వల్ల కాదు. మా వంశంలో ఉంది. దాని మీద ఈ పొట్ట ఎక్కి కూర్చుంది. ఏది దేనివల్లో నాకు తెలవదు, డాక్టరమ్మకే తెలవదు. నేను మాత్రం దాచి దాచి ప్రాణం మీదికి తెచ్చుకున్నా. మీ ఇళ్ళల్లో ఎవరికన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి." కచోరీల పొట్లం ఎవరూ విప్పలేదు. కాసేపయ్యాక రాజీవ్ కచోరీల వంక చూస్తూనే, మా చాచాజీకి ఉండేది అన్నాడు.

ఇప్పుడు పొద్దున్నే పార్కు చుట్టూ నడిచేవాళ్ళలో ఒక జంట కనిపిస్తుంది. పొట్టతో, మీసంతో మామూలు ఎత్తు మనిషి, పక్కన ఆయన కన్నా కొంచెం పొడుగావిడ, నిటారుగా, కొంగు భుజం మీద ఎగరేసుకుని. కొత్తగా వచ్చినవాళ్ళు తిరిగి చూస్తారు. కోదండరామయ్య మొదట్లో సిగ్గుపడేవాడు. తర్వాత ఆ చూపులు ఆమె మీద పడుతున్నాయని గమనించి, కంభంలో తను చూసిన ఆ గుమ్మం గుర్తొచ్చి, కాస్త గొప్పగా నడవడం మొదలెట్టాడు. ఉగ్గాణి తగ్గింది. జిలేబీ పోయింది. లీలావతి ఉలవచారు కాచి, అన్నం గిన్నె ఆయనకు అందనంత దూరంలో పెడుతోంది.

ఆపరేషనుకు ముందు రోజు సంచీ సర్దుకున్నాక, ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. దిమ్మె చెప్పులు అప్పటికే పాత సామాన్లవాడికి వెళ్ళిపోయాయి. చేసే పనేమీ లేదు. కోదండరామయ్య భయంగా ఉందన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం ఆమె వినడం అదే మొదలు. నాకూ భయంగానే ఉంది అంది ఆమె.

ఆయన అడిగాడు. "నూనె వేడి చేసేదా?"

"నా నడుం బాగానే ఉందని చెప్పినా గదా."

"తెలుసులే."

లీలావతి ఆయన వంక చూసింది. తర్వాత బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాపి, ఆయన మడమ ఒకటి అరచేతిలోకి తీసుకుంది.

"అట్టయితే తీసకరా పో. వచ్చేటప్పుడు ఉప్పు మూట గూడా పొయ్యి మీద పెట్టు" అంది.